బూటుకూ నీటికీ తగాదా

వానలో తడుస్తూ ఇంటికి చేరారనుకోండి. కాళ్ళకున్న తోలు బూట్లు నీళ్ళు పీల్చి బరువెక్కాయి. రేపు ఉదయానికల్లా ఆరాలి. ఏం చేస్తారు? చాలామంది చేసే పని ఒకటే. వాటిని పొయ్యి పక్కన పెడతారు. మర్నాడు ఎండ కాస్తే మిట్టమధ్యాహ్నం ఎండలో పెడతారు. బూట్లు ఆరతాయి, నిజమే. కాని చెక్కలాగా బిగుసుకుపోతాయి. కాలు దూర్చి నాలుగడుగులు వేస్తే వేళ్ళ దగ్గర మడతపడే చోట తోలు చిట్లుతుంది. ఏళ్ళ తరబడి రావలసిన బూటు ఒక్కరోజులో పాడైంది.

తప్పు ఎవరిది? బూటు చేసినవారిదా? వాడినవారిదా? ఇది తేలాలంటే అసలు తోలు అంటే ఏమిటో, దానికీ నీటికీ వున్న సంబంధం ఏమిటో ముందు తెలుసుకోవాలి.

పచ్చితోలు

ఆవు, గేదె, మేక – ఏ జంతువు చర్మం తీసుకున్నా దాని తూకంలో సగానికి మించి నీరే. 100 కిలోల పచ్చితోలులో 60 కిలోలకు పైగా నీరుంటుంది. మిగిలినదానిలో ఎక్కువభాగం కొల్లాజెన్ అనే ప్రోటీను. మూడు సన్నని పోగులు ఒకదానినొకటి పెనవేసుకుంటే ఒక కొల్లాజెన్ అణువు అవుతుంది. మూడు పేటల తాడును తలచుకోండి. అలాంటివి ఎన్నో కలిసి దారాలుగా, దారాలు కలిసి మోకులుగా ఏర్పడతాయి. ఈ మోకులు బట్టలోని పడుగూ పేకల్లా వరుసగా వుండవు. అన్ని దిక్కులకూ అల్లుకుపోయి వుంటాయి. అందుకే బట్ట చిరిగినంత సులువుగా తోలు చిరగదు.

కాని నీరున్నంతసేపూ పచ్చితోలు సూక్ష్మజీవులకు విందుభోజనమే. ఎండాకాలంలో కొన్ని గంటలకే వాసన మొదలవుతుంది. అందుకే తోలు ఒలవగానే ఉప్పు పట్టిస్తారు. ఊరగాయలో ఉప్పు చేసే పనే ఇక్కడా చేస్తుంది. నీటిని బయటికి లాగి, సూక్ష్మజీవులను పెరగనివ్వదు.

నీరంతా పోయేలా ఆరబెట్టేస్తే సరిపోదా అని మీరడగవచ్చు. డప్పుకు బిగించే తోలు అలా ఆరబెట్టిందే. వాయించబోయే ముందు డప్పును మంటకు కాచడం మీరు చూసే వుంటారు. గాలిలోని తేమ పీల్చి వదులైన తోలు వేడికి ఆరి బిగుసుకుంటుంది. అప్పుడు డప్పు గట్టిగా మోగుతుంది. డప్పుకు ఆ బిగువు కావాలి. పాదానికి అది పనికిరాదు. నీరు పోయేసరికి పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి అట్టలా గట్టిపడతాయి. మళ్ళీ తడిస్తే మెత్తబడి కుళ్ళడం మొదలవుతుంది.

ఆరినా బిగుసుకోకూడదు, తడిసినా కుళ్ళకూడదు. ఈ రెండు గుణాలూ వచ్చినప్పుడే అది బూటుకు పనికివచ్చే తోలు.

కరక్కాయ చెప్పే రహస్యం

మీరెప్పుడైనా కరక్కాయ ముక్క నమిలారా? పచ్చి అరటికాయ కొరికారా? నోరంతా వగరెక్కి నాలుక పట్టేసినట్టవుతుంది. వాటిలోని టానిన్ అనే పదార్థం లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్దకట్టిస్తుంది. దానితో నోటిలోని జారుడుతనం పోతుంది.

మీ నోటిలో ఒక్క నిమిషం జరిగిన పనిని తోలులో వారాల తరబడి జరిపించడమే టానింగ్. దీనినే తోలు పదును చేయడం అంటారు. ముందుగా తోలును సున్నపునీటిలో నానబెట్టి వెంట్రుకలు వదిలిస్తారు. శుభ్రంగా కడిగి, చెట్ల బెరళ్ళు ఊరిన నీటిలో వుంచుతారు. మన దక్షిణదేశంలో ఇందుకు తంగేడు బెరడు, తుమ్మ బెరడు, కరక్కాయ వాడుతూ వచ్చారు. బతుకమ్మలో పేర్చే పసుపుపచ్చని పూల తంగేడే అది! టానిన్ పోగుల సందుల్లో చేరి, నీరుండే చోటు తాను ఆక్రమించి, పోగుకూ పోగుకూ మధ్య వంతెనలు కడుతుంది. ఇక ఆ ప్రోటీను సూక్ష్మజీవులకు కొరుకుడుపడదు.

19వ శతాబ్దం చివర మరో దారి దొరికింది. క్రోమియం లవణాలతో తోలు పదును చేసే పద్ధతికి అగస్టస్ షుల్ట్జ్ 1884లో అమెరికాలో పేటెంటు పొందాడు. తరువాత మెరుగుపడిన క్రోమ్ పద్ధతిలో వారాల పని ఒకటి రెండు రోజులకు దిగింది. రంగు వేయకముందు క్రోమ్ తోలు లేతనీలంగా వుంటుంది. నేడు ప్రపంచంలో ఎక్కువ తోలు తయారయ్యేది క్రోమ్ పద్ధతిలోనే.

ఏది ఎంత వేడిని తట్టుకుంటుందో చూడండి. పచ్చితోలును నీటిలో వేసి వేడిచేస్తే సుమారు 60–65 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నట్టుండి ముడుచుకుపోతుంది. బెరడుతో పదును చేసిన తోలు సుమారు 70 నుంచి 85 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. బాగా చేసిన క్రోమ్ తోలు మరిగే నీటిలోనూ ముడుచుకోదు. తడి, వేడి కలిసినప్పుడు పేనిన తాడు పేటలు విడిపోయి ముద్దయిపోవడమే ఈ ముడత. ఒకసారి అలా ముడుచుకున్న తోలు తిరిగి మునుపటిలా కాదు.

ఈ శాస్త్రాన్ని మన తోళ్ళ పరిశ్రమకు చేరువ చేసినవారిలో ఒకరు మన తెలుగువారే. ఆయన పేరు యలవర్తి నాయుడమ్మ. 1922లో తెనాలి దగ్గరి యలవర్రు గ్రామంలో పుట్టారు. మద్రాసులో 1948లో ఏర్పడిన కేంద్ర చర్మ పరిశోధన సంస్థలో పనిచేసి, దానికి డైరెక్టరు అయ్యారు. తోలు పని చేసేవారిని కులం పేరుతో ఊరికి దూరంగా వుంచిన సమాజంలో, ఆ పని వెనక ఎంత రసాయనశాస్త్రం వుందో ఆయన చూశారు. ప్రయోగశాల ఫలితాలు పనివారి చేతికి అందాలని పాటుబడ్డారు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేల్చివేతలో ఆయన మరణించారు.

బూటు కుట్టేదెలా?

మంచి బూటు మొత్తం ఒకే తోలుతో చేయరు. పాదాన్ని కప్పే పైతోలు సుమారు 2 మిల్లీమీటర్ల మందాన మెత్తగా వుంటుంది. ఇది సాధారణంగా క్రోమ్ తోలు. పాదం ఆనే లోపలి అడుగు, నేలను తాకే బయటి అడుగు తోలువైతే వాటికి బెరడుతో పదును చేసిన దళసరి తోలు వాడతారు.

తోలు ముక్కలను కోసి, కుట్టి, పాదం ఆకారంలో వున్న అచ్చు మీద బిగించి లాగుతారు. ఈ అచ్చును లాస్టు అంటారు. ముడతలు రాకుండా ముందుభాగం దగ్గర తోలు లాగడం చాలా నేర్పు కావలసిన పని. మంచి పనివాడు కూడా రోజుకు 50 జతలు పూర్తిచేయడం గొప్ప. దక్షిణ అమెరికాలోని సురినాంలో 1852లో పుట్టిన యాన్ మాట్జెలిగర్ అనే నల్లజాతి యువకుడు అమెరికాలోని లిన్ పట్టణానికి వచ్చి, బూట్ల కర్మాగారంలో పనిచేస్తూ, రాత్రిళ్ళు మేలుకుని ఈ పని చేసే యంత్రాన్ని రూపొందించాడు. 1883లో పేటెంటు దొరికింది. ఆ యంత్రం రోజుకు వందల జతలు లాగేది. అతడు మాత్రం క్షయవ్యాధితో 36 ఏళ్ళకే చనిపోయాడు.

ఇక అడుగుభాగం. చౌక బూట్లకు దీనిని జిగురుతో అంటిస్తారు. నీరు, వేడి తగిలితే జిగురు వదులుతుంది. మేలురకం బూట్లకు వెల్టు అనే సన్నని తోలుపట్టీ వాడతారు. ముందు ఈ పట్టీని పైతోలుకూ లోపలి అడుగుకూ కలిపి చుట్టూ కుడతారు. తరువాత బయటి అడుగును పట్టీకి మాత్రమే కుడతారు. రెండు అడుగుల మధ్య సందును బెండుపొడితో నింపుతారు. ఇందులో రెండు లాభాలు వున్నాయి. బయటి కుట్టు బూటు లోపలికి రాదు కాబట్టి దాని గుండా నీరు తిన్నగా పాదాన్ని చేరదు. అడుగు అరిగిపోతే ఆ కుట్టు విప్పి కొత్త అడుగు వేయవచ్చు. పైతోలును ముట్టుకోనక్కరలేదు.

చేతితో కుట్టేవారు ఆరెతో రంధ్రం చేసి, మైనం పట్టించిన అవిసెనార దారాన్ని రెండు వైపులనుంచీ దూర్చి బిగిస్తారు. ఈ దారం తడిస్తే ఉబ్బి రంధ్రాన్ని నింపుతుంది. నీటిని ఆపడానికి నీటినే వాడుకున్నారన్నమాట!

లోపలి వాన

బయటి నీటిని ఆపితే చాలదు. మన ఒంట్లో చెమట గ్రంథులు అన్నిటికంటె ఒత్తుగా వుండేది అరచేతుల్లో, అరికాళ్ళలో. బూటు లోపల కూడా రోజంతా సన్నని వాన కురుస్తూనే వుంటుంది. రబ్బరు బూటు బయటి నీటిని పూర్తిగా ఆపుతుంది, కాని లోపలి చెమటనూ బయటికి పోనివ్వదు. తోలులో పోగుల సందులు వుంటాయి కనుక చెమట ఆవిరై కొంత బయటికి పోతుంది. కొంత తోలు పీల్చుకుని, బూటు విప్పాక వదులుతుంది.

పాదం తడిలోనే నానితే ఏమవుతుందో 1914–18 ప్రపంచయుద్ధం చూపించింది. చలినీరు నిండిన కందకాలలో తడిబూట్లతో రోజుల తరబడి నిలబడిన సైనికులకు పాదాలు మొద్దుబారి, వాచి, పుండ్లు పడ్డాయి. కొందరికి వేళ్ళు, కొందరికి పాదాలే తీసివేయవలసి వచ్చింది. ఈ జబ్బును ట్రెంచ్ ఫుట్ అన్నారు. పాదాలను రోజూ ఆరబెట్టుకోవడం, పొడి మేజోళ్ళు మార్చుకోవడం దీనికి ముఖ్యమైన నివారణగా తేలింది.

తడిసిన బూటుకు ఏం చేయాలి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రండి. తడిబూటును పొయ్యి పక్కన పెడితే మూడు నష్టాలు జరుగుతాయి. పైతోలు క్రోమ్ తోలైనా, బెరడుతో పదును చేసిన లోపలి అడుగు తడి–వేడి కలిసి ముడుచుకుంటుంది. తయారుచేసేటప్పుడు పోగులు ఒకదానిపై ఒకటి జారడానికి తోలుకు నూనె పట్టిస్తారు. విపరీతమైన వేడికి నీటితోపాటు ఆ నూనె కూడా తన చోటు వదిలిపోతుంది. పోగులు అతుక్కుని డప్పుతోలులా బిగుసుకుంటాయి. జిగురు వున్నచోట అదీ వదులుతుంది.

కాబట్టి ఇలా చేయండి:

1. బురదను తడిగుడ్డతో తుడవండి. బురద ఎండితే తోలులోని తేమను, నూనెను లాగేస్తుంది.

2. తాళ్ళు విప్పి, నాలుక పైకెత్తి, లోపల పాత వార్తాపత్రిక నలిపి కూరండి. కాగితం నీరు పీలుస్తుంది, ఆకారమూ నిలుస్తుంది. తడిసిన కాగితాన్ని గంట రెండు గంటలకోసారి మార్చండి.

3. నీడలో, గాలి ఆడేచోట, పక్కకు వాల్చి పెట్టండి. అడుగుభాగానికీ గాలి తగలాలి. ఒకటి రెండు రోజులు పట్టినా తొందరపడకండి.

4. ఆరాక తోలుకు పట్టించే క్రీము కొంచెం, మెత్తని గుడ్డతో పలచగా రాయండి. పోయిన నూనెను తిరిగి ఇవ్వడమే ఇది. ఎక్కువ రాస్తే సందులు పూడిపోయి చెమట బయటికి పోదు. వంటనూనెలు వద్దు. అవి గాలి తగిలి కంపుకొడతాయి, జిడ్డు కడతాయి.

5. చివరగా మైనపు పాలిష్. అందులోని ద్రావకం ఆవిరైపోయి మైనం పొరగా మిగులుతుంది. బ్రష్షుతో రుద్దితే ఆ పొర నునుపై వెలుగును అద్దంలా తిరగగొడుతుంది. పైన పడిన చినుకును జారవిడుస్తుంది.

ఒకే జతను రోజూ తొడగకుండా మధ్యలో ఒకరోజు విశ్రాంతి ఇస్తే లోపలి చెమట పూర్తిగా ఆరుతుంది. వానాకాలంలో ప్లాస్టిక్ సంచిలో మూసిపెట్టకండి. తేమ నిలిచిన చోట బూజు పడుతుంది. బూజు కనిపిస్తే ఆరుబయట పొడిగుడ్డతో తుడిచి, గాలికి ఆరనివ్వండి.

మీరే చేసి చూడండి

చెప్పులు కుట్టే ఆయనను అడిగి రెండు పనికిరాని తోలుముక్కలు తెచ్చుకోండి. ఒకటి మెత్తని పైతోలుది, ఒకటి దళసరి అడుగుతోలుది. ఒక్కొక్కదానిని పాళీతో కాగితం మీద గీసి కొలత గుర్తుంచుకోండి. ఇంట్లో పెద్దవారిచేత మరిగే నీటిలో రెండు నిమిషాలు వేయించి, పటకారుతో తీయించి, చల్లారాక గీతల మీద పెట్టి చూడండి. ఏది ముడుచుకుంది? ఏది ఎప్పటిలా వుంది? ఏ ముక్కను ఎలా పదును చేశారో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఇంకొక్క మాట. ఒక కిలో పచ్చితోలును పదును చేయడానికి మామూలు పద్ధతిలో 30 లీటర్లకు పైగా నీరు ఖర్చవుతుంది. ఉప్పు, సున్నం, క్రోమియం కలిసిన ఆ నీటిని శుద్ధిచేయకుండా వదిలితే బావులు, పొలాలు పాడవుతాయి. తమిళనాడులోని వేలూరు ప్రాంతంలో పాలారు నది ఒడ్డున ఇలాగే జరిగింది. 1996లో సుప్రీంకోర్టు అక్కడి తోళ్ళ కర్మాగారాలపై తీర్పు చెప్పి, మురుగునీటిని శుద్ధిచేసి తీరాలని శాసించింది. రెండేళ్ళు రావలసిన బూటు నాలుగేళ్ళు వచ్చిందంటే, ఇంకో జతకు కావలసిన నీరంతా మిగిలినట్టే. ఈసారి వానలో తడిసి వచ్చినప్పుడు పొయ్యివైపు వెళ్ళకండి. పాత వార్తాపత్రిక ఎక్కడుందో వెతకండి.