ముంపు ఊరి పిల్లోణ్ణి ఆడించేటప్పుడు

శ్రీశైలం, సున్నిపెంట, ఆత్మకూరు వైపు నాటికలు ఆడిస్తూ ముసలివాణ్ణయ్యాను. కుర్రాళ్లు ముంపు ఊరి మాల మాదిగ పిల్లోడి మీద నిరసన నాటిక రాసుకొచ్చి, “చూడు తాతా” అంటుంటారు. వాళ్లకు చెప్పే నాలుగు మాటలే ఇవి.

1. ముందు ఆ పిల్లోడి చేతికి ఒక కాగితం ఇవ్వండి. శ్రీశైలం జలాశయం నింపడానికి 1981లో కృష్ణా ఒడ్డు ఊళ్లు బలవంతంగా ఖాళీ చేయించారు. నిర్వాసిత కుటుంబానికో ఉద్యోగమని 1986లో 98వ నెంబరు జీవో వచ్చింది. దాని జిరాక్సు పట్టుకుని తండ్రి ఆఫీసుల చుట్టూ తిరిగాడు, తర్వాత కొడుకు తిరిగాడు. కాలవ కాసే లష్కరు పోస్టు కోసం చూసి చూసి వయసు మీరినవాళ్లు ఎందరో. మడతల దగ్గర చిరిగిన ఆ కాగితాన్ని స్టేజీ మీద మెల్లగా విప్పితే చాలు. ‘వ్యవస్థ’ అంటూ గొంతు చించుకోనక్కర్లేదు.

2. ఆఖరి రంగంలో వాణ్ణి చంపొద్దు. శవం, దానిమీద ఎర్రగుడ్డ, ఒక పాట... జనం కళ్లు తుడుచుకుని బువ్వ తినడానికి పోతారు. అమెరికాలో ఆంట్వనెట్ న్వాండు రాసిన ‘పాస్ ఓవర్’ నాటకంలో వీధి మూల ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లుంటారు, మోజెస్, కిచ్. 2017లో షికాగోలో ఆడినప్పుడు మోజెస్ చస్తాడు. 2021లో బ్రాడ్‌వేకి వచ్చేసరికి ఆమె ముగింపు మార్చి వాణ్ణి బతికించింది. వాళ్ల చరిత్ర వేరు, మన మాల మాదిగ పిల్లల చరిత్ర వేరు, నిజమే. కానీ రాసేవాడి బద్ధకం రెండుచోట్లా ఒకటే. చంపితే నాటకం అయిపోతుంది. బతికితే, తెల్లారి వాడేం చేస్తాడో రాయాలి కదా!

3. నవ్వనివ్వండి. పోలీసు భయంలోనూ ఆ మోజెస్, కిచ్ ఇద్దరూ, మంచిరోజు వస్తే ఏమేం కావాలో లెక్కపెట్టుకుంటూ ఆడుకుంటారు. మనవాడైతే ఉగ్గాని బజ్జీతో మొదలుపెట్టి బుల్లెట్ బండి దాకా పోతాడు. పోనివ్వండి.

4. తల్లి పాత్రకు ఏడుపొక్కటే రాయకండి. డొమినిక్ మోరిసో రాసిన ‘పైప్‌లైన్’ నాటకంలో ఒమారి అనే కుర్రాడు బళ్లో టీచరు మీద చెయ్యి చేసుకుంటాడు. వాళ్లమ్మ కూడా టీచరే. ఎటు మాట్లాడాలి ఆమె?

5. బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం చదవండి. పాతదని పెదవి విరవకండి. చదువుకుని పైకొచ్చే పాలేరు కుర్రాణ్ణి ఆయన ఆనాడే స్టేజీ ఎక్కించారు.

6. మొదటి ఆట ముంపు ఊళ్లవాళ్ల ముందే వేయండి. ఒకసారి మా నాటిక అయ్యాక ఒక పెద్దమ్మ లేచి, “ఊరు ఖాళీ చేసినోళ్లు ఉత్త మూటలెత్తుకుని పోతారా అబ్బయ్యా? మా నాయన వాకిళ్లు, దూలాలు ఊడబెరికి బండికెత్తినాడు” అంది. తర్వాతి ఆటకు ద్వారబంధం అరువు తెప్పించాను. దాన్ని ఊరూరా మోసిన సెట్టింగు కుర్రాడు నన్ను తిట్టని రోజు లేదు.