రెండున్నర లెక్క

చిరంజీవి అమ్మలుకి,

ఎడింబరోలో క్లాసులు మొదలయ్యాయనీ, వచ్చే నెల క్యాంప్‌బెల్‌టౌన్ వెళ్లి స్ప్రింగ్‌బ్యాంక్ విస్కీ డిస్టిలరీ చూస్తావనీ మీ నాన్న చెప్పాడు. ముప్పయ్యేళ్లు చక్కెర ఫ్యాక్టరీలో మొలాసిస్ వాసన పీల్చినవాణ్ణి, నోరు మూసుకోలేను. స్పిరిట్ కాచే మా కాలమ్‌కి ఆగడం తెలీదు. ఒక పక్క పులిసిన మొలాసిస్ పోతుంటే ఇంకో పక్క స్పిరిట్ వస్తూనే ఉండేది. సింగిల్ మాల్ట్ స్కాచ్ విస్కీ అలా కాదు. మొలకెత్తిన బార్లీ తప్ప వేరే గింజ కలవకూడదు. ఒకే డిస్టిలరీలో, వాయి వాయిగా కాయాలి. ఆపైన ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు, అదీ స్కాట్లాండ్‌లోనే.

మాల్ట్ నీకు కొత్తేం కాదు. మీ నాయనమ్మ రాగులు నానేసి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, వేయించి కాచిచ్చేదే. స్ప్రింగ్‌బ్యాంక్‌లో మూటకు బదులు బార్లీని నేలంతా పరుస్తారు, పారలతో తిరగేస్తారు. ఊరుకుంటే మొలక తన వేడికి తానే కమిలిపోతుంది, వేళ్లు చాపలా అల్లుకుపోతాయి. 1828 నుంచి ఉన్న ఆ చోట వాడే బార్లీ అంతా ఇలా తామే మొలకెత్తించుకుంటారు. ఇప్పుడు స్కాట్లాండ్‌లో ఇది బహు అరుదు.

ఆ మాల్ట్ రసాన్ని పులియబెట్టాక కాచే బట్టీలు మూడు. మొదటిదాని కింద నేరుగా మంట. అడుగంటకుండా లోపల గొలుసులు గీకుతుంటాయి. అన్నీ రాగివే (ఆ రాగులు గింజ, ఈ రాగి లోహం!). గంధకపు కంపును రాగి పట్టేస్తుంది. అందుకే స్టీలు పనికిరాదు. స్ప్రింగ్‌బ్యాంక్ విస్కీని ‘రెండున్నరసార్లు’ కాస్తామంటారు. మొదటి బట్టీలో వచ్చిన పలచటి స్పిరిట్‌లో ఎక్కువ భాగాన్ని రెండోదాంట్లో కాసి, పక్కన పెట్టిన కాస్తతో కలిపి మూడోదాంట్లో పోస్తారు. నేను సగటు కట్టి చూశాను, రెండున్నర రాలేదు.

అసలు చూడాల్సింది మూడో బట్టీ దగ్గరి మనిషిని. మొదట వచ్చేది మరీ ఘాటు, చివరిది తడిగోనె కంపు. నడిమిది మాత్రమే పీపాకి పోతుంది, మిగతాది మళ్లీ బట్టీకే. ఎప్పుడు మళ్లించాలో హైడ్రోమీటరు కొంత చెబుతుంది, మిగతాది అతని అనుభవం. నేను కాలమ్ దగ్గర నేర్వలేకపోయింది ఇదే.

1920లో మసతాక తకెత్సురు అనే జపాన్ యువకుడు ఆ క్యాంప్‌బెల్‌టౌన్‌లోనే, హేజెల్‌బర్న్ డిస్టిలరీలో పని నేర్చుకుంటూ నోట్‌బుక్ నింపాడు. 1934లో జపాన్‌లోని యోయిచిలో సొంత డిస్టిలరీ పెట్టాడు. నువ్వూ ఫోను జేబులో పెట్టి, పుస్తకం పట్టుకెళ్లు. ఆ రెండున్నర సంగతి అడిగి నాకు రాయి.

మీ పెదనాన్న