ఇంట్లో మగ్గం, వాకిట్లో బస్తా: జోనింగ్ అంటే ఏమిటి?

పల్లెలో ఇల్లు కట్టుకునేవాడు గోడల సంగతి తరవాత చూస్తాడు. ముందు పశువుల దొడ్డికి జాగా, గడ్డివాముకు జాగా చూసుకుంటాడు. వాము పొయ్యికి దూరంగా ఉండాలి. పేడదిబ్బ బావికి దూరంగా ఉండాలి. ఇవి ఎవరూ కాగితం మీద రాయలేదు, అయినా అందరికీ తెలుసు. పట్టణంలో గోడకు గోడ ఆనుకుని ఉంటుంది గనక అదే పద్ధతిని కాగితం మీద రాయవలసి వచ్చింది. దానికే జోనింగ్ అని పేరు.

పట్టణపు మాస్టర్ ప్లాన్ పటంలో సాధారణంగా నివాస ప్రాంతానికి పసుపు, వ్యాపారానికి నీలం, పరిశ్రమలకు ఊదా రంగు వేస్తారు. ఏ రంగు నేలలో ఏ పని చేయవచ్చో నిబంధనలు చెపుతాయి. అమెరికాలో 1916లో న్యూయార్క్ నగరం ఇలాంటి నిబంధనలు తెచ్చింది. 1926లో యూక్లిడ్ అనే ఊరి కేసులో ఆ దేశపు సుప్రీంకోర్టు జోనింగ్ చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. పంది దొడ్లో ఉంటే తప్పులేదు, నట్టింట్లో ఉంటేనే తప్పు అనే అర్థంలో ఆ తీర్పులో ఒక పోలిక ఉంది. రైతు బిడ్డలకు ఇంతకన్నా వివరం అక్కరలేదు!

అయితే మన దిక్కు ఒక చిక్కు ఉంది. మనకు ఇల్లంటే పడుకునే చోటు మాత్రమే కాదు, పనిచేసే చోటు కూడా. గద్వాల చీరనే చూడండి. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేయడం దాని ప్రత్యేకత. దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ చీర పుట్టేది ఫ్యాక్టరీలో కాదు. నేతగాని ఇంట్లోనే నేలలో తవ్విన గుంట మగ్గం మీద. ఇంటిల్లిపాదీ చెయ్యి వేస్తేనే చీర దిగుతుంది. గద్వాలలోనే కాదు, రాజోలిలో, అయిజలో, వనపర్తి దిక్కు అమరచింతలో కూడా అంతే. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద రాజోలిని ముంచినప్పుడు ఇల్లూ మగ్గమూ ఒకే నీళ్లలో మునిగాయి. ఇల్లు పోతే బతుకుదెరువూ పోయినట్టే.

ఇలాంటి చోట "నివాస ప్రాంతంలో పని చేయరాదు" అని గీత గీస్తే ఏమవుతుంది? 2006లో ఢిల్లీలో సుప్రీంకోర్టు ఆదేశంతో నివాస ప్రాంతాల్లోని దుకాణాలకు సీళ్లు పడ్డప్పుడు ఎంత గొడవ జరిగిందో దేశమంతా చూసింది. అలాగని నిబంధనే వద్దంటే పక్కింటి పసిపిల్ల నిద్రకు, ముసలాయన ఊపిరికి దిక్కెవరు?

నా మట్టుకు జవాబు ఇది: గోడ లోపల జరిగే పనిని కాదు, గోడ దాటి వచ్చేదాన్ని కొలవాలి.

ముందు శబ్దం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి అంటే 10 గంటల నుంచి పొద్దున 6 దాకా. వ్యాపార ప్రాంతంలో పగలు 65, పారిశ్రామిక ప్రాంతంలో 75. పదే గదా తేడా అనుకోవద్దు. డెసిబెల్ లాగరిథం లెక్క. పది పెరిగితే శబ్ద తీవ్రత పది రెట్లు, ఇరవై పెరిగితే వంద రెట్లు. అందుకే ఇంట్లో కుట్టుమిషనును, ఇనుప రేకులు కోసే మిషనును ఒకే గాటన కట్టకూడదు.

రెండోది ఆరుబయట నిల్వ. మన మూడు జిల్లాల్లో పల్లికాయ, వడ్లు, పత్తి పండుతాయి. పంట ఇంటికి రాగానే వాకిలే గోదాము. పల్లికాయలో తేమ 8, 9 శాతానికి తగ్గకుండా బస్తాకెత్తి వానకు వదిలితే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పడుతుంది. అది చేసే అఫ్లటాక్సిన్ కాలేయానికి విషం. పత్తి కుప్పకు ఒక్క నిప్పురవ్వ చాలు. పురుగుమందుల డబ్బాలు తిండిగింజల పక్కన ఉండకూడదు. పాత టైర్లలో నిలిచిన వాననీరు డెంగీ దోమకు పురిటిల్లు. ప్రజల ఆరోగ్యానికి హాని చేసే సరుకు నిల్వను తొలగించమని ఆదేశించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. అది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 133వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమలైన నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షన్.

కాబట్టి ఇంటి పనిని అయిదు ప్రశ్నలు అడిగితే చాలు. చప్పుడు గోడ దాటుతుందా? పొగ, వాసన దాటుతుందా? రంగునీళ్లు వీధి కాలువలో పడతాయా? సరుకు దారికి అడ్డమా? నిప్పంటుకుంటే పక్కిల్లు మిగులుతుందా? ఈ పరీక్షలో గుంట మగ్గం గెలుస్తుంది. ఇళ్ల నడుమ ఉన్న పాత టైర్ల కుప్ప ఓడిపోతుంది.

2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రాలయ్యాయి. నిన్నటి చేలల్లో నేడు ప్లాట్ల రాళ్లు పాతుతున్నారు. మాస్టర్ ప్లాన్ ముసాయిదా ప్రకటించాక అభ్యంతరాలు చెప్పుకోవడానికి ప్రజలకు గడువు ఇస్తారు. ఆ కాగితం మన నేతగానికి, మన రైతుకు చదివి చెప్పేదెవరు? చదువుకున్న మనమే గదా మిత్రులారా! గడువు దాటాక గీసిన గీతను చెరపడం కష్టం.