చదరంగం: ఎత్తు వేసే ముందు

పులిజూదం మన పల్లెల్లో పాత ఆట. అరుగు మీద గీతలు గీసి ఆడతారు. 3 పులులు, 15 మేకలు. మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దాని మీంచి దూకి తినేస్తుంది. వెనక ఇంకో మేక ఉంటే దూకలేదు. ఈ సంగతి తెలిసిన వాళ్లకు చదరంగం అంత కష్టం కాదు.

"అది చదువుకున్నోళ్ల ఆట. మనకెందుకులే" అనుకునే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. అది నిజం కాదు. ఈ ఆట మన దేశంలోనే పుట్టింది. పుట్టి 1,400 ఏళ్లు దాటింది. 1987లో గుడివాడలో పుట్టిన కోనేరు హంపి తండ్రి దగ్గర ఈ ఆట నేర్చుకున్నారు. 2002లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. ఈ ఆటలో అదే పెద్ద బిరుదు. 2017లో ఆమెకు కూతురు పుట్టింది. కొంతకాలం పోటీలకు దూరంగా ఉన్నారు. తిరిగి వచ్చి 2019లో మాస్కోలో మహిళల ప్రపంచ ర్యాపిడ్ పోటీ గెలిచారు. ర్యాపిడ్ అంటే తక్కువ సమయంలో ముగించే ఆట. 2024లో న్యూయార్క్‌లో అదే పోటీ మళ్లీ గెలిచారు.

బల్ల మీద 64 గళ్లు. ఒక్కొక్కరికి 16 పావులు. ఒక రాజు, ఒక మంత్రి, 2 ఏనుగులు, 2 శకటులు, 2 గుర్రాలు, 8 బంట్లు. శకటును కొందరు ఒంటె అంటారు. ఏ పావు ఎలా నడుస్తుందో బడికెళ్లే పిల్లలే నేర్పేస్తారు. నడక వచ్చాక కూడా రోజూ ఓడిపోతుంటే తప్పు ఎక్కడుంది?

ఒక తల్లి, కొడుకు ఆడుతున్నారు. కొడుకు గుర్రాన్ని కదిపాడు. తల్లి చూపు తన ఏనుగు మీదే ఉంది. గబగబా ఏనుగును జరిపింది. కొడుకు గుర్రంతో మంత్రిని కొట్టేశాడు.

"అయ్యో, చూసుకోలేదురా!" అంది తల్లి.

గుర్రం వచ్చిందే మంత్రి కోసం. కొత్తగా ఆడేవాళ్లు ఎక్కువగా ఓడేది ఇలాగే. ఎదుటివాళ్లు ఎత్తు వేయగానే చెయ్యి చాపకూడదు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూడాలి. ఈ ఎత్తు ఎందుకు వేశారు? ఇప్పుడు నా పావుల్లో దేన్ని కొట్టగలరు? తర్వాత తన ఎత్తు గురించి ఆలోచించాలి. ఈ గడిలో పెడితే నా పావును కొడతారా? కొడితే తిరిగి కొట్టడానికి నాకు ఇంకో పావు ఉందా? మేక వెనక మేక అంటే ఇదే. పోటీల్లో అయితే ముట్టుకున్న పావునే కదపాలి. అందుకే ముందు కళ్లతో ఆడాలి.

పావుకు పావు ఇచ్చేటప్పుడు వెల చూసుకోవాలి. బంటు 1 రూపాయి అనుకుంటే గుర్రం 3, శకటు 3, ఏనుగు 5, మంత్రి 9. రాజుకు వెల లేదు. రాజు తప్పించుకోలేకపోతే ఆట కట్టు. గుర్రం కోసం మంత్రిని ఇస్తే నష్టం. సంతలో బేరమాడే ఆడవాళ్లకు ఈ లెక్క ఒకరు చెప్పాలా!

ఆట మొదట్లో రాజు ముందున్న బంటును, మంత్రి ముందున్న బంటును జరపాలి. బల్ల నడుమ చోటు పట్టాలి. గుర్రాలను, శకటులను బయటికి తేవాలి. మంత్రికి బలం ఎక్కువ కదా అని ముందే తెస్తే, చిన్న పావులు దాన్ని తరుముతాయి. అది పరుగులు పెడుతుంటే అవతలివాళ్ల పావులన్నీ బయటికొస్తాయి.

రాజును వీలైనంత త్వరగా మూలకు చేర్చాలి. రాజు ఏనుగు వైపు 2 గళ్లు జరుగుతాడు. ఏనుగు రాజును దాటి అవతలి పక్కకు వస్తుంది. దీన్ని కోట కట్టడం అంటారు. రాజు ముందు 3 బంట్లు గోడలా ఉంటాయి. కానీ ఆ గోడే ఒక్కోసారి కొంప ముంచుతుంది. శత్రువు ఏనుగు చివరి వరసలోకి వచ్చిందంటే రాజు పారిపోవడానికి దారి ఉండదు. అడ్డం పెట్టే పావు కూడా లేకపోతే ఆట కట్టు. వీలు చూసుకుని చివరి బంటును ఒక గడి జరిపితే చాలు. రాజుకు దొడ్డిగుమ్మం తెరిచినట్టే.

రోజూ పూర్తి ఆట ఆడే తీరిక లేనివాళ్లు బంట్లతోనే ఆడుకోవచ్చు. అట్టముక్క మీద 64 గళ్లు గీయాలి. ఒకరికి 8 చింతగింజలు, ఒకరికి 8 గులకరాళ్లు. ఎవరి బంటు ముందు అవతలి అంచు చేరితే వాళ్లు గెలిచినట్టు. బంటు నేరుగా నడుస్తుంది, ఏటవాలుగా కొడుతుంది, వెనక్కి రాదు. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు ఒక ఆట అయిపోతుంది.