దారిన పోయే పాత్ర



తన మూడు కథల్లోనూ నల్లగొడుగు పట్టుకొని కనిపించే అపరిచితుణ్ణి పాఠకులు గుర్తుపట్టరేమోనన్న చిరంజీవి భయం సహజమైనదే గాని, ఆ భయంతో మొదటి కథలోనే గొడుగు మీద ఒక పేరా, అతని చూపు మీద మరొక పేరా చేర్చడం తొందరపాటు. ఒకే కల్పిత విశ్వంలో జరిగే వేర్వేరు కథల్లో ఒకదాని పాత్ర మరొకదానిలో క్షణకాలం కనిపించి వెళ్లడాన్ని కేమియో అంటారు. అయితే మొదటి దర్శనం కేమియో కానేకాదు, రెండవ కథ వెలువడిన తరువాతనే అది కేమియోగా మారుతుంది.

అమెరికన్ రచయిత బ్రాండన్ శాండర్సన్ తన నవలలెన్నిటినో కాస్మియర్ అనే ఒకే విశ్వంలో, వేర్వేరు గ్రహాల మీద నడిపించాడు. వాటిలో తిరిగే హోయిడ్ 2005 నాటి ‘ఎలాంట్రిస్’లో బిచ్చగాడు, 2006 నాటి ‘మిస్ట్‌బార్న్’లో డబ్బుకు సమాచారం అమ్మే వేగు, 2009 నాటి ‘వార్‌బ్రేకర్’లో కథలు చెప్పి బతికేవాడు, 2010 నాటి ‘ద వే ఆఫ్ కింగ్స్’లో రాజుగారి విదూషకుడు. మొదటి రెండింటినీ కలిపేది పేరొక్కటే. నారదుడు సభలో అడుగుపెట్టకముందే ఆయన వీణ పరిచయం చేస్తుందంటే, వస్తువుతోనే గుర్తింపు పొందే ఆ హక్కు పురాణాలు ఇచ్చినది. నిన్న పుట్టిన గొడుగు మనిషికి అది ఇంకా రాలేదు.

2008 నాటి ‘ద హీరో ఆఫ్ ఏజెస్’లో కథానాయిక విన్ హోయిడ్ అనే వేగును కలవబోయి, కారణం తెలియని శంకతో పలకరించకుండానే వెళ్లిపోతుంది. హోయిడ్ ఎవరో తెలియనివారికి ఆ ఘట్టం ఒళ్లంతా కళ్లు చేసుకొని బతికిన విన్ స్వభావాన్ని చూపుతుంది, తెలిసినవారికి ఆమె శంకించిన మనిషే కొత్త ప్రశ్న అవుతాడు. ఇద్దరిలో ఎవరికీ ఏదో తప్పిపోయిందన్న వెలితి ఉండదు. కేమియోకు ఇంతకుమించిన పరీక్ష లేదు. పాత్రకు ఆ కథలోనే ఒక పని ఉండాలి, రహస్యం ఆ పని చాటున ఉండాలి. చిరంజీవి అపరిచితుడికి రహస్యం తప్ప పనే లేదు. హోయిడ్ స్వయంగా కథకుడై ఒక నవల మొత్తాన్ని చెప్పింది 2023లో, ‘ట్రెస్ ఆఫ్ ది ఎమరాల్డ్ సీ’లో, అంతవరకు పాఠకులే అతణ్ణి వెతుక్కుంటూ వచ్చారు.

కనుక మొదటిదైన రేవు కథలో పడవవాడికి చిల్లర సర్దే పని అతనికి అప్పగించి, ఆ చిల్లరతోనే కథ మలుపు తిరిగేలా చూడాలి. రెండవ కథలో గొడుగు లేకపోయినా నష్టం లేదు. మూడవదాని సంగతి, ఈ రెండూ తిరగరాసి పంపిన తరువాత.