నమూనా రైలుపెట్టెకు కొత్త కప్లర్: వంపు దగ్గర తేలే లెక్క

ఇంజిన్ లాగుతున్నంతసేపు బుద్ధిగా నడిచే నమూనా రైలు, వెనక్కి నెట్టగానే వంపులో పట్టాలు తప్పుతుంది. పొట్టి సరుకు వ్యాగన్లు నిలబడతాయి, పొడవాటి ప్రయాణికుల పెట్టెలు పక్కకు ఒరుగుతాయి. కొందరు లోపం పట్టాలదనుకుంటారు, మరికొందరు చక్రాలదనుకుంటారు. వాటితోపాటు చూడవలసింది పెట్టెల మధ్య ఉండే గోరంత కొక్కేన్ని, అంటే కప్లర్‌ను. దాన్ని మార్చడానికి చిన్న స్క్రూడ్రైవర్ చాలు. కానీ కొత్తదాన్ని ఎక్కడ బిగించాలన్నది లెక్క చూసి తేల్చుకోవలసిన విషయం.

నమూనా రైళ్లలో బాగా ప్రచారంలో ఉన్న కొలత హెచ్‌ఓ. అసలు రైలులోని 87 మిల్లీమీటర్లు ఇందులో ఒక మిల్లీమీటరు అవుతాయి. ప్రపంచంలో చాలాచోట్ల వాడే 1,435 మి.మీ. రైలుమార్గం నమూనాలో 16.5 మి.మీ.కు తగ్గుతుంది. భారతీయ బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ. కనుక లెక్కప్రకారం దాని నమూనాకు 19 మి.మీ. పైచిలుకు వెడల్పు ఉండాలి. అయినా మన రైళ్ల నమూనాలు చేసేవారు సాధారణంగా బజారులో దొరికే 16.5 మి.మీ. పట్టాలనే వాడతారు.

కొక్కెం వెనుక కథ

పెద్ద రైళ్లలో కప్లర్ ప్రాణాలకు సంబంధించిన విషయం. అమెరికాలో ఒకప్పుడు కార్మికుడు రెండు పెట్టెల మధ్య నిలబడి ఇనుప కడియంలో చేత్తో మేకు దించేవాడు. ఆ పనిలో వేళ్లు, చేతులు, ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎందరో. పిడికిలి పట్టులా వాటంతటవే బిగుసుకునే కప్లర్‌కు ఈలై జానీ 1873లో పేటెంటు పొందారు. ఇలా తమంతట తాము కలిసే కప్లర్లను 1893లో అమెరికా చట్టం తప్పనిసరి చేసింది.

మన దేశంలో పాత ఐసీఎఫ్ పెట్టెలకు మధ్యలో మరతో బిగించే గొలుసు, రెండు పక్కలా బఫర్లు ఉంటాయి. ఎల్‌హెచ్‌బీ పెట్టెలకు మధ్యలో ఒకే కప్లర్ ఉంటుంది. ప్రమాదంలో ఒక పెట్టె మరోదాని మీదికి ఎక్కకుండా అది అడ్డుకుంటుంది.

నమూనాలలో వాడే పిడికిలి కప్లర్ జానీ కప్లర్‌కు బుల్లి రూపమే. దాని కింద వంకర ఉక్కుతీగ వేలాడుతుంది. పట్టాల మధ్య అమర్చిన అయస్కాంతం ఆ తీగను పక్కకు లాగితే పిడికిలి తెరుచుకుంటుంది, చేయి పెట్టకుండానే పెట్టెలు విడిపోతాయి. పాత కప్లర్లను తీసి దీన్ని పెట్టుకోవడానికి అభిరుచిపరులు మొగ్గు చూపేది ఇందుకే.

బోగీకా, పెట్టెకా?

మాటల్లో పెట్టెనే బోగీ అంటారు గానీ, ఇంజనీర్ల భాషలో బోగీ అంటే పెట్టె కింద ఇరుసులను, చక్రాలను మోస్తూ అటూ ఇటూ తిరిగే చట్రం. నమూనాలో కప్లర్‌ను ఆ బోగీకైనా బిగించవచ్చు, పెట్టె అడుగుభాగానికైనా బిగించవచ్చు.

ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవు 23.54 మీటర్లు. నమూనాలో అది సుమారు 270 మి.మీ. 457 మి.మీ., అంటే 18 అంగుళాల వ్యాసార్ధం ఉన్న వంపులో ఈ పెట్టె నిలిస్తే, దాని మధ్యభాగం పట్టాల నడిమిగీత నుంచి దాదాపు 8 మి.మీ. లోపలికి జరుగుతుంది. చివరలు దాదాపు 12 మి.మీ. బయటికి పొడుచుకొస్తాయి. ఒకే దిశలో తిరిగే వంపులో పక్కపక్క పెట్టెల చివరలు ఒకే వైపుకు జరుగుతాయి కనుక పేచీ లేదు. కుడి వంపు అయిన వెంటనే ఎడమ వంపు వస్తే మాత్రం ఒక పెట్టె చివర అటు 12, రెండోదాని చివర ఇటు 12 జరిగి, రెండింటికీ 24 మి.మీ. ఎడం వస్తుంది. అది పట్టాల మధ్య దూరం కన్నా ఎక్కువ. పెట్టెకు బిగించిన కప్లర్ అంత దూరం తిరగలేదు. అందుకే తన పెట్టెను పక్కకు ఈడుస్తుంది.

బోగీకి బిగించిన కప్లర్ బోగీతోపాటు తిరిగి పట్టాల దారినే పోతుంది. ఇరుకు వంపుల్లో ఇది మేలు. దీని కష్టం నెట్టేటప్పుడు తెలుస్తుంది. వెనుకనుంచి వచ్చే బలం నేరుగా బోగీ కొసను తోస్తుంది, బోగీ తన ఇరుసుకీలు చుట్టూ మెలితిరుగుతుంది, చక్రపు అంచు పట్టాను ఒరుసుకుంటూ పైకి ఎక్కుతుంది. పెట్టెకు బిగించినప్పుడు ఆ బలం పెట్టె చట్రం గుండా సాగిపోతుంది. బోగీలకు బరువు మోయడం, దారి పట్టడం తప్ప వేరే పని ఉండదు. పొడవాటి రైలును వెనక్కి నడపాలంటే ఇదే నమ్మకమైన పద్ధతి.

యూరప్ తయారీదారులు చాలామంది మూడో దారి ఎంచుకున్నారు. కప్లర్ పెట్టెకే ఉంటుంది, కానీ ప్రత్యేకమైన గాడిలో జారుతుంది. వంపులో ముందుకు సాగి పెట్టెల మధ్య ఎడం పెంచుతుంది, నేరు దారిలో వెనక్కి వచ్చి వాటిని దగ్గర చేస్తుంది. బఫర్లు ఉన్న పెట్టెలకు ఇది బాగా నప్పుతుంది, ఎందుకంటే ఎడం తగ్గితే వంపులో బఫర్లు ఒకదానికొకటి తట్టుకుంటాయి.

బరువు చెప్పే మాట

పొడవు 87 రెట్లు తగ్గితే ఘనపరిమాణం 87 ఘనం రెట్లు, అంటే ఆరున్నర లక్షల రెట్లు తగ్గుతుంది. 40 టన్నుల పెట్టెకు ఆ లెక్కన నమూనా బరువు 61 గ్రాములే. పక్కకు వచ్చే బలాన్ని ఓర్చుకుని చక్రాన్ని పట్టాపై నిలిపేది బరువే కాబట్టి అది చాలదు. అమెరికా నమూనా రైల్వే సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ సిఫారసు ప్రకారం హెచ్‌ఓ పెట్టెకు ఒక ఔన్సు, దానికి తోడు ప్రతి అంగుళం పొడవుకు అర ఔన్సు ఉండాలి. 270 మి.మీ. పెట్టెకు అది దాదాపు 180 గ్రాములు, కొలతప్రకారం రావలసినదానికి మూడు రెట్లు. కప్లర్ మార్చినా పెట్టె పడిపోతూనే ఉంటే ముందు దాన్ని తూకం వేయడం మంచిది. చేర్చే బరువును పెట్టె అడుగున, పొడవునా సమానంగా అమర్చాలి.

మార్చేటప్పుడు

మొదట ఎత్తు చూడాలి. ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ ప్రమాణంలో కప్లర్ మధ్యభాగం పట్టా పైతలం నుంచి 25/64 అంగుళం, అంటే సుమారు 10 మి.మీ. ఎత్తులో ఉండాలి. రెండు కప్లర్ల ఎత్తులో తేడా ఉంటే, పట్టాలు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నచోట ఒకటి మరోదాని పట్టులోంచి జారిపోతుంది. పెట్టె కిందికి ఉంటే బోగీకీ పెట్టెకూ మధ్య పలుచని వాషర్ వేసి లేపవచ్చు.

తరువాత కప్లర్ అటూ ఇటూ తోస్తే తనంతట తాను మధ్యకు రావాలి. బిగుసుకుంటే గ్రాఫైట్ పొడి చల్లాలి. నూనె వేస్తే దుమ్ము పట్టి మరింత బిగుస్తుంది. కింది తీగ పట్టాల మార్పిడి దగ్గర దేనికీ తగలకూడదు.

చివరి పరీక్ష నెట్టి చూడటం. రైలు మొత్తాన్ని నెమ్మదిగా వెనక్కి, అత్యంత ఇరుకైన ఎదురు వంపుల గుండా నడపాలి. అక్కడ తడబడితే కప్లర్ కన్నా దారిని మార్చడం మేలు. రెండు వంపుల మధ్య పెట్టె పొడవంత నేరు పట్టా వేస్తే, రెండు చివరలు ఒకేసారి ఎదురుబదురుగా జరిగే పరిస్థితి పోతుంది. వంపు వ్యాసార్ధాన్ని 762 మి.మీ.కు పెంచితే, 24 మి.మీ. ఎడం దాదాపు 14 మి.మీ.కు తగ్గుతుంది. స్థలం లేక ఈ రెండూ కుదరని ఇంట్లో బోగీకి బిగించిన కప్లర్లే సరైనవి. అప్పుడు రైలు పొట్టిగా ఉండాలి, నెట్టడం తక్కువగా ఉండాలి.