జ్వరానికీ మతికీ ఏమిటి సంబంధం?



మన ఊళ్లలో ఎవరైనా ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడటం మొదలుపెడితే పెద్దవాళ్లు ఏమంటారు? "గాలి సోకింది" అంటారు. "ఎవరో బాణామతి చేశారు" అంటారు. తాయెత్తు కడతారు, వేపమండలతో కొట్టిస్తారు. కొందరినైతే గొలుసులతో కట్టేస్తారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో అలా కట్టి ఉంచిన మానసిక రోగుల పాకకు నిప్పంటుకుంది. గొలుసులు ఉండటం వల్ల పారిపోలేక 28 మంది కాలిపోయారు. తెలియనితనం మనిషి ప్రాణం తీస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మనసు మెదడు చేసే పని. మెదడు ఒంట్లో ఒక భాగం. ఒంటికి సోకే సూక్ష్మజీవి మెదడుకు కూడా సోకవచ్చు. ఒంటిని కాపాడే రోగ నిరోధక శక్తి ఒక్కోసారి దారి తప్పి మెదడుకే హాని చేయవచ్చు. ఈ సంగతి శాస్త్రవేత్తలు ఎలా కనుక్కున్నారో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మన పక్కనే దొరికిన ఆధారం

మన బొల్లారం నుంచి సిటీ బస్సులో వెళ్లి చూసి రాగలిగినంత దగ్గరలో బేగంపేట ఉంది. 1897 ఆగస్టు 20న అక్కడే సర్ రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినిలో పరీక్షించి మలేరియా పరాన్నజీవిని చూశాడు. మలేరియా చెడు గాలి వల్ల రాదని, దోమ వల్ల వస్తుందని రుజువు కావడానికి దారి అక్కడ పడింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నల్లకుంటలోని ఫీవర్ హాస్పిటల్‌కు ఆయన పేరే పెట్టారు.

అదే మలేరియాను తరువాత ఒక డాక్టరు పిచ్చికి మందుగా వాడాడంటే నమ్ముతారా? ఆ రోజుల్లో సిఫిలిస్ అనే సుఖవ్యాధి సోకిన కొందరికి చాలా ఏళ్ల తరువాత మతి చెడిపోయేది. తాము మహారాజులమని చెప్పుకునేవారు, చివరకు కాళ్లూ చేతులూ పడిపోయి చనిపోయేవారు. మానసిక ఆసుపత్రులలో ఇలాంటి రోగులు ఎందరో ఉండేవారు. 1913లో జపాన్ శాస్త్రవేత్త నొగుచి, ఆయన సహచరుడు మూర్ న్యూయార్క్‌లో అలాంటి రోగుల మెదడులో సిఫిలిస్ క్రిమిని చూపించారు. పిచ్చి అనుకున్నది క్రిమి పని అని తేలింది.

1917లో వియన్నా నగరంలో వాగ్నర్ యౌరెగ్ అనే మానసిక వైద్యుడు ఈ రోగులకు మలేరియా రోగి రక్తం ఎక్కించాడు. తీవ్రమైన జ్వరం వచ్చి, సిఫిలిస్ క్రిమి దెబ్బతిని, కొందరికి మతి తిరిగి వచ్చింది. ఆ తరువాత క్వినైన్ ఇచ్చి మలేరియాను తగ్గించేవాడు. 1927లో ఆయనకూ నోబెల్ వచ్చింది. అయితే ఈ వైద్యంలో మలేరియాతోనే చనిపోయినవారూ ఉన్నారు. 1940లలో పెన్సిలిన్ వచ్చాక దీని అవసరం లేకుండా పోయింది.

కాపలాదారుడే పొరబడితే

మన రక్తంలో తెల్ల రక్త కణాలు ఉంటాయి. అవి తయారుచేసే ప్రతిరక్షకాలు బయటి నుంచి వచ్చిన క్రిములను గుర్తుపట్టి అడ్డుకుంటాయి. వీటిని ఊరి కాపలాదారుల వంటివని అనుకోండి. చీకట్లో కాపలాదారుడు దొంగ అనుకొని ఇంటివాడినే కొడితే ఎలా ఉంటుంది? కొన్ని జబ్బులలో ప్రతిరక్షకాలు అలాగే సొంత శరీరంపై పడతాయి.

2007లో అమెరికాలో డాక్టర్ జోసెప్ డాల్మౌ బృందం ఇలాంటి ఒక మెదడు జబ్బును కనుగొన్నది. ఇందులో ప్రతిరక్షకాలు మెదడు కణాల మీద ఉండే ఎన్.ఎమ్.డి.ఏ. గ్రాహకాలకు అంటుకుంటాయి. ఇది ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లలకు వస్తుంది. ముందు తలనొప్పి, కొద్దిపాటి జ్వరం వస్తాయి. కొన్ని రోజులలోనే లేనిపోని భయాలు, పిచ్చి మాటలు, నిద్ర లేకపోవడం, తరువాత ఫిట్స్, ఒళ్లు బిగుసుకుపోవడం కనిపిస్తాయి. చూసేవారికి అచ్చం దయ్యం పట్టినట్టే ఉంటుంది. కొందరిలో అండాశయంలోని గడ్డ దీనికి మూలం. గడ్డ తీసివేసి, ప్రతిరక్షకాలను తగ్గించే మందులు ఇస్తే దాదాపు ప్రతి ఐదుగురిలో నలుగురు బాగా కోలుకుంటున్నారు. అలాంటి పిల్లను ఆసుపత్రికి బదులు భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోతే ఏమవుతుందో ఆలోచించండి.

స్కిజోఫ్రీనియా మాటేమిటి?

స్కిజోఫ్రీనియా పెద్ద మానసిక వ్యాధి. ఎవరూ లేకపోయినా మాటలు వినబడటం, అందరూ తనపై కుట్ర చేస్తున్నారని నమ్మడం దీని లక్షణాలు. దీనికి ఒకే ఒక్క కారణం లేదు. వంశపారంపర్యం ఉంది, జీవితంలో పడ్డ కష్టాల ప్రభావం ఉంది. వాటితోపాటు రోగ నిరోధక శక్తి పాత్రపై కూడా పరిశోధన జరుగుతోంది.

2011లో డెన్మార్క్ దేశంలో వేలాది మంది రికార్డులను పరిశీలించారు. ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరినవారికి తరువాత ఈ జబ్బు వచ్చే అవకాశం 60 శాతం ఎక్కువని తేలింది. ఈ అంకె చూసి భయపడకండి. వెయ్యిమందిలో 10 మందికి వచ్చే జబ్బు 60 శాతం పెరిగితే 16 మందికి వస్తుంది. మిగతా 984 మందికి రాదు. పైగా రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం.

2016లో అమెరికా శాస్త్రవేత్తలు సి4 అనే జన్యువును పరిశీలించారు. క్రిములను ఏరివేయడంలో సాయపడే ప్రోటీన్ ఈ జన్యువు వల్ల తయారవుతుంది. అదే ప్రోటీన్ మెదడు ఎదిగే వయసులో కణాల మధ్య అనవసరమైన కలయికలను తొలగించడానికీ తోడ్పడుతుంది. మడిలో మొక్కలు ఒత్తుగా మొలిస్తే పలచన చేస్తాం కదా, అలాగన్నమాట. ఈ పని మోతాదు మించితే స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం పెరుగుతుందని వారి అంచనా.

తొందరపాటు కూడా ప్రమాదమే

అన్నిటికీ క్రిములే కారణం అనుకోవడమూ తప్పే. అమెరికాలోని ట్రెంటన్ ఆసుపత్రిలో హెన్రీ కాటన్ అనే డాక్టరు పిచ్చికి మూలం పళ్లలో, పేగులలో దాగిన క్రిములేనని నమ్మాడు. 1910ల చివరి నుంచి రోగుల పళ్లు పీకించాడు, పెద్దపేగులు కోయించాడు. ఎవరికీ మేలు జరిగినట్టు రుజువు కాలేదు సరికదా, ఆపరేషన్లలో చాలామంది చనిపోయారు.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ పెల్లాగ్రా. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి గరుకుగా మారడం, విరేచనాలు, చివరకు మతి చెడటం దీని లక్షణాలు. ఇది అంటువ్యాధి అని అమెరికాలో చాలామంది డాక్టర్లు నమ్మేవారు. కాదు, తిండి లోపమని 1915లో గోల్డ్‌బర్గర్ నిరూపించాడు. తరువాత అది నియాసిన్ అనే విటమిన్ లోపమని తేలింది. మన దక్కన్‌లో కేవలం జొన్న మీదే బతికే పేదలలో ఈ జబ్బు కనిపించింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ బృందం దీనిపై పరిశోధించింది. తప్పు జొన్నరొట్టెది కాదు, దానికి తోడుగా పప్పు, పల్లీలు, గుడ్డు, పాలు లేని పేదరికానిది.

గుర్తుంచుకోవలసిన విషయాలు

1. జ్వరంతో పాటు మతి తప్పినా, ఫిట్స్ వచ్చినా, మనుషులను గుర్తుపట్టకపోయినా అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అది మెదడువాపు కావచ్చు, మెదడుకెక్కిన మలేరియా కావచ్చు. హాస్టల్‌లో అయితే వెంటనే వార్డెన్ గారికి చెప్పాలి.

2. జ్వరం లేకపోయినా ప్రవర్తన కొద్ది రోజులలోనే పూర్తిగా మారిపోతే డాక్టరుకు చూపించాలి. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి వెళ్లడం సిగ్గుపడే పని కాదు.

3. స్కిజోఫ్రీనియా రోగిని తాకితే, కలిసి తింటే మనకు రాదు. డాక్టరు చెప్పకుండా మందులు మానరాదు.

4. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది.

5. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

6. హాస్టల్ చుట్టూ నీరు నిలవనీయకండి. దోమను ఆపితే మెదడును కూడా కాపాడినట్టే.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ నాలుగు మాటలు మీ అమ్మానాన్నలకు, ఇరుగుపొరుగువారికి చెప్పండి. మన గూడెంలో, మన తండాలో, మన వాడలో మొదట చదువుకున్నది మనమే. "గాలి సోకింది" అన్నప్పుడు "ముందు డాక్టరుకు చూపిద్దాం" అనే గొంతు మనదే కావాలి.